ఆదెమ్మ చిక్కుడాకు మీద గీత

పల్నాడు వెళ్ళొచ్చానంటే మా తెనాలి వైపు వాళ్ళు రెండే అడుగుతారు: ఎండ ఎలా ఉంది, కారం ఎలా ఉంది అని. రెండూ వాళ్ళు విన్నదానికంటే ఎక్కువే. కానీ నేను వెళ్ళింది వాటి కోసం కాదు, ఆకుల కోసం. చిక్కుడాకు మీదో నిమ్మాకు మీదో ఎవరో తెల్లసిరాతో వంకరటింకరగా గీసినట్టు ఒక గీత మీరూ చూసే ఉంటారు. అది రాత కాదు, దారి. ఆకు పైపొరకీ అడుగుపొరకీ మధ్య ఒక పురుగు దూరి, పచ్చటి కండ తినుకుంటూ పోయిన దారి. ఆ దారిని చూసి, పోయినవాడెవడో చెప్పడం నా పిచ్చి. గుంటూరులో ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే చిన్న పంతుల్ని. పాఠాలు జీతానికి, ఆకులు పిచ్చికి.

ఈ యాత్ర గురించి గొప్పగా రాసుకుందామనే బయల్దేరాను. ఇప్పుడు రాస్తున్నది అది కాదు. వెళ్ళినచోట ఒక తప్పు చేసి వచ్చాను. దాన్ని దాచిపెట్టి తక్కిన కబుర్లు చెప్పబోతే కలం సాగలేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

నరసరావుపేట

భాద్రపద మాసం. యుద్ధం రోజులు కాబట్టి రైల్లో నిలబడటానికి చోటు దొరికితే అదే మహాభాగ్యం. పేటలో దిగేసరికి నా టోపీ నలిగి అప్పడం అయింది. స్టేషనుకి దగ్గర్లో ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాను. పంచదార రేషన్లో పోయింది కనక కాఫీలో బెల్లం వేశారు. గ్లాసు అణా. మా ఊళ్ళో అయితే ఆ కాఫీని కషాయం అంటారు, కాసులివ్వరు.

హోటలు పెరట్లో ఒక నిమ్మచెట్టు కనిపించింది. లేత ఆకుల నిండా గీతలే. కాఫీ వదిలేసి, భూతద్దం తీసి ఆకుల్లో తలపెట్టాను. కాసేపటికి భుజం మీద ఒక చెయ్యి పడింది. తిరిగి చూస్తే పోలీసు జవాను.

"ఏందయ్యా, స్టేషను పక్కన అద్దం పెట్టి ఏం చూస్తున్నావు?"

ఖాకీ లాగూ, టోపీ, భూతద్దం, యుద్ధకాలం. నేను గూఢచారినని ఆయనకి అనుమానం రావడంలో తప్పులేదు. ఒక ఆకు కోసి ఎండకి అడ్డంగా పట్టి చూపించాను. గీత మధ్యలో సన్నటి నల్లదారం లాగా ఒకటే చార కనిపించింది.

"ఈ నల్లటిది పురుగు రెట్ట. నడిమధ్యన ఒకే చార ఉంటే దీన్ని తిన్నది సీతాకోక లాంటి రెక్కల పురుగు పిల్ల, గొంగళి జాతి. అదే ఈగ పిల్లయితే పక్కమీద పడుకుని తింటుంది. కాసేపు ఈ పక్క, కాసేపు ఆ పక్క. అందుకని రెట్ట రెండు వరసల్లో పడుతుంది."

ఆయన ఆకు తీసుకుని తనే ఎండకి పట్టి చూశాడు. "ఓరి దీని దుంప తెగ! దొంగని చూడకుండా అడుగులు చూసి పట్టుకున్నట్టే గదా. మా స్టేషన్‌లో ఉండాల్సినోడివి నువ్వు" అని నవ్వి, నా కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

నాకు ఆ మాట బెల్లంకాఫీ కంటే తియ్యగా ఉంది. నిజం చెప్పాలంటే, తర్వాత జరిగిందానికి విత్తు అక్కడే పడింది.

గురజాల

ఒక పగలు, ఒక రాత్రి సత్రంలో ఉన్నాను. ఇక్కడ వరన్నం పండగనాడు వండుకుంటారు. రోజూ జొన్నలే. సత్రం ముందు ఒకామె జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతోంది. రొట్టె, దానిమీద గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయని కత్తితో కొయ్యరు, పిడికిలితో గుద్ది ఇస్తారు. నేను ఒక ముక్క నమల్లేక అవస్థ పడుతుంటే ఆమె చూసి, "డెల్టా అయ్యలు గదా, వరన్నం మింగేవోళ్ళకి పళ్ళతో పనేముంది" అంది. పచ్చడి కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అంత రుచైన గోంగూర నేను మా ఇంట్లో తినలేదు. ఈ సంగతి మా ఇంట్లో చెప్పలేదు.

మాచర్ల

ఇక్కడ రాయికి తప్ప అన్నిటికీ కొరతే. ఇంటికప్పు నాపరాయి, గోడ నాపరాయి, చేను చుట్టూ దడి కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. మావైపు దడంటే తాటాకు. ఏడాదికోసారి కట్టుకోవాలి. వీళ్ళ తాత పాతిన దడి మనవడికీ పనికొస్తుంది.

దుర్గి వెళ్ళడానికి మస్తాన్ సాయిబు అనే ఆయన జట్కా మాట్లాడుకున్నాను. అరవై ఏళ్ళుంటాయి, గుర్రానికీ ఆయనకీ ఒకే రకం గడ్డం. నేను పేటలో పోలీసుతో జరిగిన ముచ్చట చెప్పానో లేదో, దారిలో ఎదురైన ప్రతివాడికీ "సర్కారు పురుగుల ఆఫీసరు గారు" అని నన్ను చూపించడం మొదలుపెట్టాడు. "నేను సర్కారువాణ్ణి కాదు సాయిబూ" అని ఒక్కసారి అన్నాను. చాలా మెల్లిగా అన్నాను. ఆయనకి వినపడలేదు. రెండోసారి అనలేదు. జనం దణ్ణం పెడుతుంటే అదోలా బాగుంది మరి.

ఆదెమ్మ పెరడు

దుర్గికి ఇవతల ఒక పల్లెలో గుర్రానికి నీళ్ళు పట్టడానికి ఆగాం. ఆ ఊరి పేరు రాయను. నీళ్ళిచ్చిన ఇల్లు ఆదెమ్మ అనే పెద్దావిడది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఉన్నది రెండు గదుల రాతి ఇల్లు, వెనక పెరడు. పెరట్లో వరసగా పాతిన పుల్లలకి మోకాలెత్తు చిక్కుడు మొక్కలు. ఇరవై దాకా ఉంటాయి.

నాకు మజ్జిగ ఇచ్చి, నేను మొక్కలవైపు చూడటం గమనించి ఆవిడే చెప్పింది. "మా పుట్టింటి గింజ నాయనా. కోటప్పకొండ కింద మా ఊరు. పెళ్ళయి వచ్చేటప్పుడు మా అమ్మ కొంగున కట్టింది. మొదటి కాపు శివరాత్రికి కొండకిస్తా. ప్రభలు లాక్కొచ్చినోళ్ళకి వండే కూరలోకి. నలభై ఏళ్ళనుంచి తప్పలేదు."

"ఊళ్ళో అందరూ ఇదే వేస్తారా?"

"వేసేవోళ్ళు. పోయినేడు వానల్లేవు గదా, తిండిగింజలు లేక విత్తనాలు కూడా ఉడకేసుకున్నారు. నా దగ్గర బూడిదలో దాచిన గుప్పెడు ఉంటే ఈ యేడు మొత్తం పెట్టేశా. ఇవి కాస్తేనే మళ్ళీ గింజ." లోపలికెళ్ళి ఖాళీ పిడత తెచ్చి బోర్లించి చూపించింది. కాస్త బూడిద రాలింది.

ఆ గింజ ఎలా ఉంటుందో కూడా చెప్పింది. ఇటుకరంగు, నొసట తెల్లబొట్టు. ఉడికితే వెన్న.

మొక్కల దగ్గరికి వెళ్ళాను. ఆకుల మీద గీతలు. ఎండకి పట్టి చూశాను, రెట్ట రెండు వరసలు. ఈగే. అంతవరకు నేను పోల్చుకున్నది నిజం. ఇక్కడ కాస్త విడమరచి చెప్పాలి. చిక్కుడు మీద వాలే ఈగల్లో ఆకులోనే తిని ఆకులోనే ఆగిపోయేవి ఉన్నాయి. వాటివల్ల మొక్కకి పోయేదేమీ లేదు. ఇంకో జాతి ఉంది. దాని పిల్ల ఆకులోంచి ఈనె వెంట కాడలోకి, కాడలోంచి మొదట్లోకి దిగి లోపలే తొలిచి మొక్కని చంపుతుంది. అక్కడితో ఆగదు, పక్క చేలో అలసందల మీదా పెసల మీదా పడుతుంది. ఆదెమ్మ ఆకుల్లో కొన్ని గీతలు నడిమి ఈనెదాకా వచ్చి, ఈనె పక్కనే కిందికి దిగుతున్నాయి. నా గుండె దడదడలాడింది. భయంతో కాదు, కనిపెట్టానన్న సంబరంతో.

రెంటిలో ఏదో తేల్చడానికి ఒక్కటే దారి. ఒక మొక్క మొదలు చీల్చి చూడాలి. జేబులోంచి కత్తి తీశాను.

ఆదెమ్మ గబుక్కున అడ్డం వచ్చింది. "ఇనుము వద్దు నాయనా! కొండకి మొక్కిన తీగ. గుంటకూడా కట్టెపుల్లతో తీసి పెట్టా. కాయ కొయ్యటమూ చేత్తోనే. దీనికి ఇనుము తగలగూడదు."

"ఈ గీతలు ఎప్పట్నించీ ఉన్నాయమ్మా?"

"ఏటా వస్తయ్, పోతయ్."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. వెనక మస్తాన్ సాయిబు నిలబడి, "అయ్యగారికి కత్తెందుకమ్మా, పేటలో పోలీసోళ్ళకే ఆకు చూసి చెప్పిన మనిషి" అన్నాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ నమ్మకాన్ని గౌరవించానని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను.

"ఇది మొదలు తొలిచే ఈగ. ఈ మొక్కలు దక్కవు. ఇవి ఉంటే చుట్టుపక్కల చేలకీ పాకుతుంది. పీకి కాల్చెయ్యాలి" అన్నాను.

దడి అవతల ఎవరిదో అలసంద చేను పచ్చగా ఉంది. ఆవిడ దానివైపు చూసింది.

"అన్నీనా నాయనా?"

"అన్నీ."

"నా తీగవల్ల ఊరికి చేటు రాగూడదులే" అంది.

మూడు ఆకులు కాడలతో సహా కోసి, గాజుగొట్టంలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను. పురుగు ఈగగా మారి బయటికొచ్చేదాకా అలా పెంచడం మా పనిలో పద్ధతి. ఈగ చేతికొచ్చేదాకా పేరు చెప్పకూడదన్నది కూడా పద్ధతే. చీటీ మీద మొక్క పేరు, ఊరు, తేదీ రాశాను. "ఎలా గుర్తించారు" అన్నచోట "గీత చూసి" అని సిరాతో రాసి, కింద గీత కూడా కొట్టాను.

దుర్గి

దుర్గిలో రాతిపని చేసే వీరాచారి గారింట్లో దిగాను. రెండు రోజులుండి పోదామనుకున్నవాణ్ణి ఎనిమిది రోజులు మంచానికి అంటుకుపోయాను. ఎండదెబ్బో, గురజాల గోంగూరో, ఏదో ఒకటి. వీరాచారి భార్య నా ఒళ్ళు చల్లబడేదాకా జొన్నగంజి పోస్తూనే ఉంది. ముక్కూమొగం తెలీనివాడికి ఇంత చేస్తారా అని అడిగితే, "జరం వచ్చినోడిని మొగం చూసి ఉంచుకుంటారా ఏంది" అంది. మా ఊళ్ళో అయితే ముందు ఇంటిపేరు అడుగుతారు.

లేచి కూర్చోగలిగిన రోజు అరుగు మీంచి వీరాచారి పని చూస్తున్నాను. నాగశిల చెక్కడానికి రాయి ఎంచుతున్నాడు. ఒక రాయి మీద అడ్డంగా ఒక చార ఉంది.

"అది పగులు కదా, పారెయ్యండి" అన్నాను, ఇక్కడా ఊరుకోలేక.

ఆయన సుత్తితో ఆ రాయిని తట్టాడు. ఖంగుమంది. పక్కన నున్నగా, మచ్చలేకుండా ఉన్న ఇంకో రాయిని తట్టాడు. మొద్దుగా, చెక్కని కొట్టినట్టు పలికింది.

"చార ఉన్నది గట్టిది పంతులుగారూ. నున్నటిదానికే లోపల పగులు. పైన గీత చూసి రాయి పారేసేవోడు మా ఇళ్ళల్లో పనికిరాడు. తట్టి చూడాల."

నా ఒళ్ళు మళ్ళీ చల్లబడింది, ఈసారి జ్వరం తగ్గి కాదు. ఎనిమిది రోజులుగా చూడని సంచీ విప్పి గాజుగొట్టం తీశాను. గుడ్డ కింద నాలుగు ఈగలు తిరుగుతున్నాయి. భూతద్దం పెట్టాను. మొదలు తొలిచే ఈగ ఒళ్ళంతా మెరిసే నలుపు. ఇవి బూడిదరంగు, మోకాళ్ళ దగ్గర పసుపు. ఆకులు ఎండిపోయాయి. ఆ ఎండిన ఆకుల్లోనే, గీత చివరన, ఈగలు వదిలిన ఖాళీ గూళ్ళు అంటుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా కాడలోకి దిగలేదు. ఈనెదాకా వచ్చి ఆగిపోయాయి. మొక్కకి ఏ హానీ చెయ్యని, ఎక్కడబడితే అక్కడ ఉండే మామూలు ఈగ.

వీరాచారి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి, "బండి కట్టిస్తా, పోయిరండి" అన్నాడు.

మళ్ళీ ఆ పెరడు

దారి పొడుగునా ఒక్కటే కోరుకున్నాను. ముసలిది మొండిది, నా మాట వినకుండా ఉండాలి అని. కనీసం రెండు మొక్కలు, పోనీ ఒక్కటి, మనసొప్పక వదిలేసి ఉండాలి అని. దేవుణ్ణి పెద్దగా అడగనివాణ్ణి, ఆ పూట కోటప్పకొండ స్వామిని అడిగాను.

పెరట్లో పుల్లలు వరసగా నిలబడి ఉన్నాయి. మొక్కలు లేవు. మూలన నల్లటి బూడిదమచ్చ.

ఆదెమ్మ నన్ను చూసి సంతోషించింది. "ఏంది నాయనా అంత చిక్కిపోయావు? ఆ అలసంద చేను చూశావా, చక్కగా ఉంది. నువ్వెళ్ళిన సాయంత్రమే పీకి కాల్చేశా" అంటూ పీట వేసింది.

కూర్చోలేదు. గాజుగొట్టం చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను సర్కారువాణ్ణి కాననీ, ఆ ఈగవల్ల మొక్కకి ఏమీ కాదనీ, చీల్చి చూడకుండా చెప్పాననీ.

ఆవిడ గొట్టం తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఇయ్యా? ఇవి నాకు తెలుసు గదా. కాయ కోసేటప్పుడు మొగాన వాల్తయ్" అంది. కాసేపటికి గొట్టం నా చేతిలో పెట్టి, నావైపు చూడకుండా అంది:

"ఇనుము వద్దన్నాను, నిజమే. చేత్తో ఒకటి పీకి చూపించమంటే చూపించేదాన్ని గదయ్యా. నువ్వు అన్నీ పీకమన్నావు."

ఇన్నేళ్ళ చదువులో ఆ చిన్న ఆలోచన నాకు రాలేదు.

"పీకేటప్పుడు మొదళ్ళు తుంచి చూశా నాయనా. తెల్లగా, గట్టిగా ఉన్నయ్. ఒక్కదాంట్లో కూడా పురుగు లేదు. చదువుకున్నోడు చెప్పాడు గదా, నా కళ్ళకే ఆనటల్లేదేమో అనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేది. పల్నాడు వాళ్ళు మొహం మీదే అనేస్తారని విన్నాను. ఆవిడ అనలేదు. తన కళ్ళని అంది.

అన్నం తినకుండా పోనివ్వనంది. జొన్నసంగటి, పప్పు పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, శివరాత్రికి ఈసారి కొండకి ఏం తీసుకుపోవాలా అని తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. నాతో అనలేదు.

కొండ కింద పల్లె

తిరుగుదారిలో పేటలో దిగి, కోటప్పకొండ కింద ఆవిడ పుట్టిన ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇటుకరంగు గింజ, నొసట తెల్లబొట్టు ఉన్న చిక్కుడు ఎవరింట్లోనైనా ఉందా అని ఇల్లిల్లూ అడిగాను. ఆవిడ పుట్టిల్లు ఉన్నచోట పొగాకుని సెగపెట్టి ఆరబెట్టే కొట్టం ఉంది. ఊరు ఊరంతా పొగాకే. పెరళ్ళు కూడా వదల్లేదు. డబ్బు బాగానే వస్తోందట.

ఒక నడివయసామె మాత్రం గుర్తుపట్టింది. "ఆ చిక్కుడా? మా అత్త ఉన్నప్పుడు కాసేది. వెన్నలాగా ఉడికేది. ఇప్పుడెక్కడిది బాబూ" అంది. రెండు రోజులు చుట్టుపక్కల పల్లెలు కూడా తిరిగాను. వేరే చిక్కుడు గింజలు చానామంది ఇచ్చారు, తెల్లవి, నల్లవి, గోధుమరంగువి. సంచీ నిండింది. ఆ గింజ లేదు. నిండిన సంచీనే మస్తాన్ సాయిబు పేర మాచర్ల పంపి, ఆదెమ్మకి ఇమ్మన్నాను. అందిందని కబురొచ్చింది. వేసిందో లేదో కబురులో లేదు.

మా ఇల్లు

ఇప్పుడు నా బల్ల మీద మూడు ఎండిన చిక్కుడాకులున్నాయి. అట్టకి అంటించి, పక్కన ఈగని సూదికి గుచ్చి పెట్టాను. ఆ చిక్కుడు ఈ లోకంలో ఉన్నదనడానికి నాకు తెలిసి మిగిలినవి ఆ మూడాకులే. వాటిమీద తెల్లగీతలు ఇంకా చక్కగా కనిపిస్తున్నాయి.

చీటీ మార్చి కొత్తది రాద్దామని చాలాసార్లు తీశాను. "ఎలా గుర్తించారు" అన్నచోట "గీత చూసి" అని నా దస్తూరీయే, కింద నేను కొట్టుకున్న గీత. కొట్టెయ్యలేదు. నా తర్వాత ఈ అట్ట చూసేవాడికి అదీ కనపడాలి. దాని కింద ఇంకో వరస మాత్రం చేర్చాను:

"ఏటా వస్తయ్, పోతయ్. ఈ మాట చెప్పినది ఆదెమ్మ."

ఆ ఈగ గురించి ఆ పెరట్లో ఆ రోజు ఎవరైనా చెప్పిన సరైన మాట అదొక్కటే. అది విని నేను నవ్వాను.